బెంగళూరు పచ్చళ్ల కొట్టు గూగుల్‌లో కనబడాలంటే

మారతహళ్లిలోనో కేఆర్ పురంలోనో ఆంధ్ర పచ్చళ్లు అమ్ముతూ వెబ్‌సైట్ పెట్టుకున్నవాళ్లు ముందుగా అడిగేది కీవర్డ్‌ల (జనం గూగుల్‌లో కొట్టే మాటల) గురించే. దానికంటే ముందు, అసలు ఆ పేజీ గూగుల్‌కు చేరిందో లేదో చూసుకోవాలి. దీనికి గూగుల్ ఇచ్చే సెర్చ్ కన్సోల్ అనే సాధనం ఉచితం. అందులో సైట్ నమోదు చేసి, పైనున్న పెట్టెలో పేజీ చిరునామా అతికించండి. ఇండెక్స్‌లో, అంటే గూగుల్ దాచుకున్న పేజీల జాబితాలో, లేకపోతే కారణం అక్కడే చూపిస్తుంది. సైట్ వర్డ్‌ప్రెస్‌తో కట్టినదైతే సెట్టింగ్స్‌లో రీడింగ్ తెరిచి, సెర్చ్ ఇంజిన్లను రావద్దనే టిక్ ఉందేమో చూడండి. సైట్ కడుతున్నప్పుడు పెట్టిన ఆ టిక్ తీయడం చాలామంది మరిచిపోతారు.

ఏదైనా పేజీ గూగుల్‌లో కనబడకూడదనుకుంటే ఆ పేజీ కోడ్‌లో ‘దీన్ని ఇండెక్స్‌లో చేర్చవద్దు’ అని చెప్పే నోఇండెక్స్ ట్యాగ్ పెట్టాలి. సెర్చ్ ఇంజిన్లు ఏ పేజీలు చదవకూడదో చెప్పే రోబోట్స్ ఫైల్‌లో అడ్డం పెడితే చాలదు. అది గూగుల్‌ను పేజీ చదవనివ్వదు, అంతే. బయటి లింకుల వల్ల చిరునామా ఫలితాల్లోకి రావచ్చు. రెండూ కలిపి పెడితే ఇంకా చిక్కు: పేజీ చదవలేని గూగుల్‌కు అందులోని ట్యాగ్ ఎలా తెలుస్తుంది?

ఇక మాటల సంగతి. నగరం పేరు 2014 నవంబరు 1న అధికారికంగా బెంగళూరుగా మారినా, ఇంగ్లిష్ అక్షరాల్లో ‘బ్యాంగలోర్’ అని వెతికేవాళ్లకు కొదవలేదు. మీ కొనుగోలుదారులు ఏం కొడుతున్నారో ఊహించక్కర్లేదు. సెర్చ్ కన్సోల్‌లోని పర్ఫార్మెన్స్ రిపోర్టులో మూడు నెలల క్వెరీలు (జనం వెతికిన మాటలు) తీసి, ఇంప్రెషన్లు (ఫలితాల్లో కనబడిన సార్లు) ఎక్కువగా, క్లిక్‌లు తక్కువగా ఉన్నవి ఏరండి. ఫలితాల్లో సగటు స్థానం 8 నుంచి 20 మధ్య ఉన్న పేజీల మీద పడే శ్రమకే ఫలితం త్వరగా వస్తుంది. ‘హోమ్’ అన్న టైటిల్ తీసేసి ‘గోంగూర పచ్చడి, మారతహళ్లిలో హోమ్ డెలివరీ’ వంటిది రాయండి. అలాగని పేటల పేర్లు మాత్రం మార్చి ఒకే పేజీని ఇరవైసార్లు అచ్చేస్తే గూగుల్ దాన్ని స్పామ్ కింద లెక్కేస్తుంది. వైట్‌ఫీల్డ్‌కు వేరే డెలివరీ వేళలో, కనీస ఆర్డరో ఉంటేనే వేరే పేజీ. పేజీ కోడ్‌లో కీవర్డ్‌ల జాబితా రాసే మెటా కీవర్డ్స్ ట్యాగ్‌ను ర్యాంకింగ్‌కు వాడటం లేదని గూగుల్ 2009లోనే చెప్పేసింది. ఇప్పుడు దానికి డబ్బు అడిగేవారికి ఓ నమస్కారం పెట్టండి.

ధరల పట్టికను ఫొటోగా ఎక్కించకండి, అక్షరాల్లోనే టైప్ చేయండి. ఫోన్లో తీసిన సీసా ఫొటో చాలాసార్లు 3, 4 ఎంబీ ఉంటుంది. వెడల్పు 1200 పిక్సెల్స్‌కు తగ్గించి వెబ్‌పీ అనే తేలికపాటి ఫొటో ఫార్మాట్‌లో దాస్తే చాలాసార్లు 200 కేబీ లోపు వస్తుంది. పేజీలోని ప్రధాన భాగం 2.5 సెకన్లలోపు కనబడాలన్నది గూగుల్ పెట్టిన గీత. పైన ఉండే బొమ్మకు లేజీ లోడ్ (బొమ్మను ఆలస్యంగా తెచ్చే ఏర్పాటు) పెడితే ఆ గీత దాటిపోవచ్చు.

గూగుల్ మ్యాప్స్‌లో, సెర్చ్‌లో కొట్టు వివరాలు చూపే బిజినెస్ ప్రొఫైల్‌లో బోర్డు మీదున్న పేరే ఇవ్వండి. దానికి ‘బెస్ట్ ఆంధ్ర పికిల్స్’ తగిలిస్తే ప్రొఫైల్ సస్పెండ్ కావచ్చు. రివ్యూకు డిస్కౌంట్ ఇవ్వడమూ నిబంధనలకు విరుద్ధమే.

పేజీ చిరునామా మారిస్తే పాతదాన్నుంచి 301 రీడైరెక్ట్ (పాత చిరునామాకు వచ్చినవాళ్లను శాశ్వతంగా కొత్తదానికి పంపే ఏర్పాటు) తప్పనిసరి. మార్పు అయ్యాక సెర్చ్ కన్సోల్‌లో రిక్వెస్ట్ ఇండెక్సింగ్ ఒక్కసారి నొక్కండి. మళ్లీ మళ్లీ నొక్కినా త్వరపడదు. తేదీ రాసిపెట్టుకుని, ముందు 28 రోజులనూ తర్వాతి 28 రోజులనూ పోల్చండి. మధ్యలో ఉగాదో దసరానో పడితే ఆ లెక్క నమ్మలేం. సెర్చ్ కన్సోల్ 16 నెలల సమాచారం దాస్తుంది కాబట్టి, అప్పుడు నిరుటి పండుగ వారంతోనే పోల్చుకోండి.