లోటస్ సెవెన్ రెప్లికాకు ఇంజిన్: విజయనగరంలో ఎంచుకోవడం, బిగించడం ఎలా?

లోటస్ సెవెన్ అంటే బ్రిటన్‌కు చెందిన లోటస్ కంపెనీ చేసిన తేలికపాటి రెండు సీట్ల స్పోర్ట్స్ కారు. దాన్ని చూసి కట్టుకునే నకలే రెప్లికా. రెప్లికా కారు అనగానే అందరూ హార్స్‌పవర్ లెక్కలేస్తారు. విజయనగరంలో కూర్చుని బండి కట్టేవాళ్లు ముందు వేయాల్సిన లెక్క వేరు: రింగులు, బేరింగులు, గాస్కెట్ సెట్ కావాలని పొద్దున్న ఫోన్ చేస్తే విశాఖ నుంచి సాయంత్రం బస్సుకు వస్తాయా? రాకపోతే ఎంత గొప్ప ఇంజినైనా షెడ్డులో బొమ్మే.

1957 నాటి అసలు సెవెన్‌లో ఉన్నది 1172 సీసీ ఫోర్డ్ ఇంజిన్, మామూలు ఇంటి కార్లలో తిరిగినదే. బండి తేలిక, దాని మహిమంతా అక్కడే. ఇప్పుడు సెవెన్‌ను తయారుచేస్తున్న కేటర్‌హామ్ కూడా 160 మోడల్‌కు 660 సీసీ సుజుకి ఇంజినే పెట్టింది. సుజుకి పెడితే పరువు పోతుందన్న బెంగ అక్కర్లేదు.

నా ఓటు మారుతి జిప్సీ 1298 సీసీ, 16 వాల్వుల ఎంపీఎఫ్ఐ (కార్బురేటర్ లేకుండా ప్రతి సిలిండర్‌కూ విడిగా పెట్రోలు చిమ్మే) ఇంజిన్‌కే. 80 హార్స్‌పవర్, అల్యూమినియం బ్లాక్, వెనక చక్రాలకు తిన్నగా కలిపే ఐదు గేర్ల బాక్సు. ట్రాన్స్‌ఫర్ కేసు (జిప్సీలో నాలుగు చక్రాలకూ శక్తిని పంచే పెట్టె) గేర్ బాక్సుకు అతుక్కుని ఉండదు కనుక తీసి పక్కన పెట్టేయొచ్చు. చిన్న మెలిక ఉంది: హై రేంజిలో, అంటే మామూలు రోడ్డు మీద వాడే అమరికలో కూడా ఆ కేసు వేగాన్ని సుమారు 1.4 రెట్లు తగ్గిస్తుంది. అది పోతే ప్రతి గేరూ పొడుగవుతుంది, అంటే వేగం పెరిగి లాగే బలం తగ్గుతుంది. సెవెన్ టైర్లు చిన్నవి, బరువు జిప్సీలో దాదాపు సగం కాబట్టి ఆ తేడా ఇబ్బంది పెట్టదు. మారుతి ఈకో వ్యాన్ ఇంజిన్ రెండో దారి. పద్మినీ ఇంజిన్ చప్పుడు ముద్దొస్తుంది, సామాన్లు దొరకవు.

డబ్బు తీసే ముందు రవాణా శాఖ ఆఫీసులో మాట్లాడండి. కంపెనీ ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. ఇంట్లో కట్టిన కారుకు నంబరు వస్తుందని ఎవరైనా అంటే నమ్మకండి. సొంత స్థలం, ట్రాకు వరకే అనుకుని మొదలుపెట్టండి. ఇంజిన్ నంబరుకు కాగితాలు లేకపోతే ఆ బేరమే వద్దు.

సెకండ్ హ్యాండ్ అమ్మే ప్రతివాడూ "సీలు కూడా ఇప్పలేదు బాబూ" అంటాడు. మీరు కంప్రెషన్ గేజ్ (సిలిండర్‌లో ఒత్తిడి కొలిచే మీటరు) పట్టుకెళ్లండి. ఇంజిన్ వేడెక్కాక, ప్లగ్గులన్నీ తీసి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి, స్టార్టర్ తిప్పి చూడాలి. జిప్సీ ఇంజిన్‌కు 199 పీఎస్ఐ దగ్గర ఉంటే బాగున్నట్టు, 170కి దిగితే పని ఉన్నట్టు. సిలిండర్ల మధ్య తేడా 14 పీఎస్ఐ దాటకూడదు. ఈసీఎం (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్ పెట్టె), సెన్సర్లు, వైరింగ్ మొత్తం ఒకే బండివి తీసుకోండి. ఒక్క వైరూ కోయనివ్వొద్దు.

ఇంజిన్ ఇప్పాక కొలత ముందు, ఖర్చు తర్వాత. బోరును (పిస్టన్ తిరిగే రంధ్రాన్ని) పైన, మధ్యలో, కింద రెండు దిక్కుల్లో కొలవండి. తేడా 0.10 మిల్లీమీటర్లు దాటితే రీబోర్, అంటే రంధ్రాన్ని పెద్దది చేయించడమే. ఓవర్ సైజు పిస్టన్లు చేతికొచ్చాకే బ్లాకును లేత్ షాపుకివ్వండి. ఏ పిస్టన్ ఏ బోరుకో రాసిపెట్టి, సందు 0.02 నుంచి 0.04 మిల్లీమీటర్లు ఉండేలా హోనింగ్ (బోరు లోపలి గోడకు సన్నటి సాన) చేయించండి. హెడ్ మీద స్టీలు పట్టీ నిలబెట్టి ఫీలర్ గేజ్ (సందులు కొలిచే పలుచటి బిళ్లల కట్ట) దూర్చండి. 0.05 మిల్లీమీటర్ల బిళ్ల దూరిపోతే ఫేసింగ్ (హెడ్ ముఖాన్ని చదును చేయించడం) తప్పదు. మన తీరం గాలికి కొత్త బోరు ఇట్టే తుప్పు పడుతుంది. షాపు నుంచి రాగానే సబ్బు నీళ్లతో కడిగి, ఆరబెట్టి, ఆయిల్ రాసి కవరు కట్టండి.

బిగింపులో తొందర పనికిరాదు. సాలూరు లారీ షెడ్లలో మంచి చేతులున్నాయి, కానీ లారీ ఇంజిన్‌కు వాడే బలం అల్యూమినియం దారాల మీద చూపిస్తే దారం ఊడి వస్తుంది. టార్క్ రెంచ్‌తో (ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే పానాతో), హెడ్ బోల్టులు మధ్య నుంచి బయటికి, విడతలుగా బిగించాలి. టైమింగ్ బెల్ట్ కొత్తది వేసి, క్రాంకును చేత్తో రెండు చుట్లు తిప్పి మార్కులు మళ్లీ చూడండి. మలుపుల్లో ఆయిల్ ఒక పక్కకు పోకుండా సంపులో (ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టెలో) అడ్డు రేకులు పెట్టించండి.

మొదటి స్టార్టుకు ముందు ప్లగ్గులు, ఫ్యూయల్ పంపు ఫ్యూజు తీసి, ఆయిల్ లైటు ఆరేదాకా స్టార్టర్ తిప్పండి. స్టార్టయ్యాక గంటల తరబడి ఐడిల్‌లో వదిలేయకండి. వేగం పెంచుతూ తగ్గిస్తూ నడిపితేనే రింగులు కూర్చుంటాయి. 500 కిలోమీటర్లకు ఆయిల్, ఫిల్టర్ మార్చి, పాత ఫిల్టర్ కోసి చూడండి. సన్నటి పొడి మామూలే, మెరిసే రేకుముక్కలు కనబడితే బేరింగులు మళ్లీ ఇప్పాలి.