పావు ట్యాంకు ఉందన్న ముల్లు, రోడ్డు మీద ఆగిన కారు

మా పాత పెట్రోల్ కారు సూర్యాపేట దాటి కోదాడ వైపు వెళ్తుండగా ఆగిపోయింది, పెట్రోల్ మీటర్ ముల్లు మాత్రం పావు ట్యాంకు దగ్గర హాయిగా నిలబడే ఉంది. బంకు నుంచి 2 లీటర్లు తెచ్చి పోస్తే స్టార్టయింది.

మెకానిక్ వెనక సీటు ఎత్తి ట్యాంకులోంచి ఫ్లోట్ యూనిట్ (పెట్రోల్ మీద తేలుతూ ఎంతుందో ముల్లుకు చెప్పే భాగం) బయటకు తీశాడు. ఫ్లోట్ కిందికీ పైకీ కదిలే కొద్దీ దాని కాంటాక్ట్ ఒక రెసిస్టెన్స్ పట్టీ మీద జరుగుతుందట, ఆ పట్టీ అరిగి నల్లగా పట్టేసింది. క్లీన్ చేస్తే వారం పనిచేసి మళ్లీ అబద్ధాలు మొదలుపెట్టింది, చివరికి యూనిట్టే మార్చాను (ముందే మార్చాల్సింది).

ఇప్పుడు ఫుల్ ట్యాంక్ కొట్టించి ట్రిప్ మీటర్ సున్నా చేస్తున్నా. 300 కిలోమీటర్లు దాటాక ముల్లు ఎక్కడున్నా బంకు వెతుకుతా. ఏటవాలులో ఆపినప్పుడు చూపించే రీడింగ్ అసలు లెక్కలోకి తీసుకోను, పెట్రోల్ ఒక పక్కకు చేరితే ఫ్లోట్ కూడా దాంతోనే పోతుంది.