పెళ్లి ముహూర్తానికి ముందు బొటాక్స్: ఈ జాగ్రత్తలు తప్పనిసరి

మాఘమాసం ముహూర్తాలు పెట్టుకున్న ఇళ్లలో ఇప్పుడు పట్టుచీరల లిస్టు పక్కనే స్కిన్ క్లినిక్ అపాయింట్‌మెంట్ కూడా ఉంటోంది. పెళ్లికూతురికే కాదు, వాళ్లమ్మకీ, మేనత్తకీ. "ఫొటోల్లో నుదుటి మీద గీతలు కనపడకూడదు డాక్టరుగారూ" అని అడగడంలో తప్పేమీ లేదు. పెళ్లి ఇంకో వారం ఉందనగా అడగడంలోనే అసలు చిక్కు ఉంది.

బొటాక్స్ ఇంజెక్షన్‌లో ఉండే మందు బొట్యులినమ్ టాక్సిన్. కండరాన్ని ముడుచుకోమని నరం పంపే సంకేతాన్ని అది అడ్డుకుంటుంది. కండరం సడలితే దాని పైనున్న చర్మం ముడతపడదు. ఇది చేసేది అంతే. చర్మానికి రంగు తేదు, బుగ్గలు నింపదు. అందుకే చిరాకుపడినప్పుడు కనుబొమల మధ్య పడే నిలువు గీతలకు, కనుబొమలు ఎత్తినప్పుడు నుదుటి మీద వచ్చే అడ్డగీతలకు, నవ్వినప్పుడు కంటి చివర వచ్చే ముడతలకు బాగా పనిచేస్తుంది. మొహం కదపకుండా ఉన్నా కనిపించే లోతైన గీతలు కాస్త తగ్గుతాయి గానీ మాయం కావు. ముక్కు పక్క నుంచి పెదవి చివరిదాకా దిగే మడతకైతే ఫిల్లర్ (చర్మం కింద నింపే జెల్ లాంటిది) వేస్తామంటారు. అది పూర్తిగా వేరే మందు, దాని ప్రమాదాలూ వేరు. ఫిల్లర్ పొరపాటున రక్తనాళంలోకి వెళ్తే ఆ చోట చర్మం దెబ్బతింటుంది, అరుదుగా చూపు కూడా పోతుంది. రెండూ ఒకటేలే అని ప్యాకేజీకి తలూపకండి. ఏది, ఎక్కడ వేస్తున్నారో విడివిడిగా అడగండి.

ఇక టైమ్ సంగతి. సూది వేసిన రోజు ఏ మార్పూ కనపడదు. మూడు నాలుగు రోజులకు మొదలై, రెండు వారాలకు పూర్తి ఫలితం వస్తుంది. మూడు నాలుగు నెలలుండి మెల్లగా తగ్గిపోతుంది. ఒక కనుబొమ పైకి, ఒకటి కిందికి ఉన్నట్టు అనిపిస్తే డాక్టర్లు సరిచేసేది కూడా ఆ రెండు వారాలు గడిచాకే. సూది దిగిన చోట కమిలితే మచ్చ పోవడానికి వారం, పది రోజులు పడుతుంది. కనురెప్ప వాలితే మామూలు కావడానికి కొన్ని వారాలు ఆగాల్సిందే. లోపలికి వెళ్లిన మందును వెనక్కి లాగే విరుగుడు సూది ఏదీ లేదు. కాబట్టి ఇంతకుముందు వేయించుకుని ఇబ్బంది లేనివాళ్లు కూడా ముహూర్తానికి కనీసం నెల ముందే ముగించుకోవాలి. మొదటిసారి అయితే మాత్రం పెళ్లి కోసం పెట్టుకోవద్దనే నేను చెప్తాను. ఏ హడావిడీ లేని నెలలో ఒకసారి వేయించుకుని, మీ మొహానికి ఎలా పడుతుందో చూసుకోండి.

గర్భిణులు, పాలిచ్చే తల్లులు దీని జోలికి వెళ్లకూడదు. మయస్థీనియా గ్రావిస్ లాంటి నరాల-కండరాల జబ్బు ఉన్నవాళ్లూ అంతే. సూది వేసే చోట చీము గుల్లలు, ఇన్ఫెక్షన్ ఉంటే తగ్గేదాకా ఆగాలి. ఈమధ్య జెంటామైసిన్, అమికాసిన్ లాంటి యాంటిబయాటిక్ ఇంజెక్షన్లు తీసుకుని ఉంటే ముందే చెప్పండి, అవి ఈ మందు ప్రభావాన్ని పెంచుతాయి. మన ఇళ్లలో యాభై దాటినవాళ్లలో చాలామంది రక్తం గడ్డకట్టకుండా ఎకోస్ప్రిన్ (ఆస్పిరిన్) వాడుతుంటారు. దానివల్ల కమలడం ఎక్కువ ఉండొచ్చు. అలాగని గుండె కోసం రాసిన బిళ్లను సొంతంగా మానేయవద్దు, రాసిన డాక్టరునే అడగండి.

కొందరికి వయసుతో కనురెప్పలు బరువెక్కి, తెలియకుండానే నుదుటి కండరంతో కళ్లు తెరిచి ఉంచుతారు. ఆ కండరాన్ని సడలిస్తే గీతలు పోయినా కళ్లు సగం మూసుకున్నట్టు అవుతాయి. అద్దం ముందు నుదురు కదలకుండా చేత్తో నొక్కిపట్టి కళ్లు తెరిచి చూడండి. కష్టంగా ఉంటే ఆ మాట డాక్టరుకు చెప్పండి. కూచిపూడి చేసేవాళ్లు, నాటకాలు వేసేవాళ్లు ఇంకా బాగా ఆలోచించుకోవాలి. అభినయంలో సగం పని కనుబొమలదే, అవి మూడు నెలలపాటు సరిగా లేవకపోతే వేదిక మీద తెలిసిపోతుంది.

అన్నిటికన్నా ముఖ్యం, వేసేది ఎవరు, సీసాలో ఉన్నది ఏమిటి. స్కిన్ స్పెషలిస్టో ప్లాస్టిక్ సర్జనో అయి ఉండాలి, మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబరు చూపించాలి. బ్యూటీపార్లర్‌లోనో, ఎవరింట్లోనో పదిమంది కలిసి తక్కువ రేటుకు వేయించుకునే పద్ధతి వద్దే వద్దు. 2004లో అమెరికాలోని ఫ్లోరిడాలో మనుషులకు అనుమతి లేని టాక్సిన్ ఎక్కించుకుని నలుగురు పక్షవాతంతో ఆస్పత్రి పాలయ్యారు, వాళ్లలో ఆ సూది వేసిన డాక్టరు కూడా ఉన్నాడు. 2024లో అమెరికాలోనే నకిలీ బొటాక్స్ గురించి అక్కడి మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరిక జారీ చేసింది. "డాక్టరుగారూ, సీసా నా ముందే తీస్తారా? ఫొటో తీసుకోవచ్చా?" అని అడగడానికి మొహమాటపడొద్దు. బ్రాండ్, బ్యాచ్ నంబరు, ఎక్స్‌పైరీ తేదీ, ఎన్ని యూనిట్లు (ఈ మందును కొలిచే లెక్క) వేశారన్నది రాయించుకోండి. బ్రాండ్ మారితే యూనిట్ల లెక్కా మారుతుంది. కనుబొమల మధ్య బొటాక్స్ అయితే ఐదు చోట్ల కలిపి 20 యూనిట్లు, అదే చోటికి డిస్‌పోర్ట్ అనే ఇంకో బ్రాండ్ అయితే 50. "వాళ్లు ఎక్కువ యూనిట్లు ఇస్తున్నారు" అని రేట్లు పోల్చుకుంటే మోసపోతారు.

ఆ రోజు మేకప్ లేకుండా వెళ్లండి. మనం బొట్టు పెట్టుకునే చోటికి దగ్గర్లోనే సూదులు పడతాయి కాబట్టి స్టిక్కర్ తీసేసి, ఆ సాయంత్రం దాకా కుంకుమ కూడా అద్దకుండా ఉంటే మంచిది. సూది చాలా సన్నది, చురుక్కుమంటుంది, అంతే. పది నిమిషాల్లో అయిపోతుంది. దోమ కుట్టినట్టు లేచిన చిన్న బుడిపెలు కాసేపటికి అణిగిపోతాయి. తర్వాత నాలుగు గంటలు పడుకోకండి, ముందుకు వంగే పనులు పెట్టుకోకండి. ఆ రోజుకు వ్యాయామం, శీర్షాసనం, మద్యం వద్దు. నుదుటిని రుద్దితే మందు పక్క కండరంలోకి జారవచ్చు. ఫేషియల్, తలకు నూనె మర్దన ఒకట్రెండు రోజులు ఆపాలి. పెళ్లి పనులు మొదలయ్యాక వేయించుకుంటే వచ్చే తంటా ఇదే. నలుగు పెట్టేటప్పుడు మొహం రుద్దకుండా ఏ పిన్నీ ఊరుకోదు.

మొదటి ఒకట్రెండు రోజులు తలనొప్పి ఉంటే టెన్షన్ పడొద్దు, అది తగ్గిపోతుంది. కనురెప్ప వాలితే వేసిన డాక్టరు దగ్గరికే వెళ్లండి, రెప్పను కొద్దిగా లేపే కంటి చుక్కలు ఉన్నాయి. మింగడం కష్టమైనా, మాట ముద్దగా వచ్చినా, ఒకటి రెండుగా కనిపించినా, ఒంట్లో బలం తగ్గినా, ఊపిరి ఆడకపోయినా మాత్రం క్లినిక్‌కు ఫోన్ చేస్తూ కూర్చోవద్దు. ఇవి కొన్ని గంటల్లోనూ రావచ్చు, కొన్ని వారాల తర్వాతా రావచ్చు. వెంటనే పెద్దాస్పత్రి ఎమర్జెన్సీకి వెళ్లి, బొటాక్స్ వేయించుకున్న సంగతి, తేదీ చెప్పి, ఫోన్‌లో ఉన్న సీసా ఫొటో చూపించండి.