స్పాట్‌లో ఆగలేదు, సరే. తర్వాత ఎటు వెళ్లారు?

యాక్సిడెంట్ చేసి ఆగకుండా వెళ్లిపోయాడన్న కేసులో డ్రైవర్ ఎవరైనా నా దగ్గరికి వస్తే మూడు విషయాలు ముందు అడుగుతాను. అక్కణ్నుంచి ఎటు వెళ్లావు? ఎవరికి ఫోన్ చేశావు? బండి ఇప్పుడు ఎక్కడుంది? ఎందుకు ఆగలేదన్న సంగతి తర్వాత మాట్లాడుకుంటాం. సూర్యాపేటలో క్రిమినల్ ప్రాక్టీసు చేస్తే 65వ నంబరు హైవే కేసులు తప్పవు. వాటిలో నేను చూసిందేమిటంటే, స్పాట్ వదిలి స్టేషన్‌కి వెళ్లినవాడి కేసు ఒక దారిన నడుస్తుంది, స్పాట్ వదిలి మెకానిక్ షెడ్డుకి వెళ్లినవాడి కేసు ఇంకో దారిన నడుస్తుంది. రెండింట్లోనూ ఎఫ్‌ఐఆర్ మాత్రం ఒకేలా కనిపిస్తుంది.

ముందు సెక్షన్ల భయం తీర్చుకుందాం. "పదేళ్లు పడుతుందట కదా మేడమ్" అని ప్రతి ఇంట్లోనూ అడుగుతున్నారు. ఐపీసీ బదులు వచ్చిన భారతీయ న్యాయ సంహిత (బీఎన్‌ఎస్) 106(2)లో ఆ మాట ఉన్నది నిజమే. నిర్లక్ష్యంగా నడిపి ఒకరి చావుకి కారణమై, పోలీసులకో మేజిస్ట్రేటుకో వెంటనే చెప్పకుండా తప్పించుకుపోతే పదేళ్ల వరకు జైలు. దాని మీదే 2024 జనవరిలో లారీ డ్రైవర్లు సమ్మె చేశారు, హైదరాబాద్‌లో పెట్రోలు బంకుల ముందు కిలోమీటర్ల క్యూలు కట్టారు. ఏడు లక్షల జరిమానా అని వాట్సాప్‌లో తిరిగింది గానీ సెక్షన్‌లో అలాంటి అంకె ఏదీ లేదు. కొత్త చట్టం 2024 జూలై 1న అమల్లోకి వచ్చినప్పుడు కేంద్రం ఈ ఒక్క ఉపసెక్షన్‌ను పక్కన పెట్టింది. నేను ఇది రాసే నాటికి అది అమల్లో లేదు. మీ కేసు నాటికి పరిస్థితి మారిందేమో మీ లాయర్ చేత చూపించుకోండి. ఎఫ్‌ఐఆర్‌లో 106(2) అని రాసి ఉంటే మొదటి వాయిదాలోనే అభ్యంతరం చెప్పించండి.

అయితే పడేవి ఏవి? చనిపోతే 106(1), ఐదేళ్ల వరకు. తీవ్ర గాయమైతే 125(బి), మూడేళ్ల వరకు. మామూలు గాయమైతే 125(ఎ), ఆరు నెలల వరకు. వీటికి తోడు ర్యాష్ డ్రైవింగ్‌కి 281. ఇవన్నీ బెయిలబుల్. అంటే ష్యూరిటీ ఇస్తే స్టేషన్‌లోనే బెయిల్ ఇవ్వాలి, అది మీ హక్కు. 2024 జూలై 1కి ముందు జరిగిన ప్రమాదమైతే పాత ఐపీసీ 304-ఏ వర్తిస్తుంది, అందులో గరిష్ఠ శిక్ష రెండేళ్లే. ఇక ఆగకుండా వెళ్లినందుకు విడిగా పడేది మోటారు వాహనాల చట్టంలోని 134, దానికి శిక్ష చెప్పే 187. 2019 సవరణ తర్వాత ఆరు నెలల వరకు జైలు గానీ, ఐదు వేల వరకు జరిమానా గానీ, రెండూ గానీ.

తాగి నడిపిన కేసు వేరు. అందులో పోలీసులు బీఎన్‌ఎస్ 105 (హత్య కిందికి రాని ప్రాణహరణ నేరం) వేస్తారు, అది నాన్ బెయిలబుల్. 1999లో ఢిల్లీ లోధీ రోడ్డు మీద జరిగిన బీఎండబ్ల్యూ కేసులో సంజీవ్ నందాపై నిర్లక్ష్యం సెక్షన్ సరిపోదని, పాత ఐపీసీ 304 రెండో భాగం కిందే శిక్ష నిలబడుతుందని సుప్రీంకోర్టు 2012లో చెప్పింది. అక్కడ ఆగకుండా వెళ్లిపోవడం కూడా అతనికి వ్యతిరేకంగానే లెక్కలోకి వచ్చింది. మీ కేసు అలాంటిదైతే ఈ వ్యాసం చదువుతూ కూర్చోకండి, బీఎన్‌ఎస్‌ఎస్ (సీఆర్‌పీసీ బదులు వచ్చిన చట్టం) 482 కింద ముందస్తు బెయిల్ పిటిషన్ వేయించండి.

ఇప్పుడు 134 సంగతి. నా లెక్కలో డిఫెన్స్ అంతా ఇక్కడే ఉంది, డ్రైవర్లలో దీన్ని చదివినవాళ్లు మాత్రం చాలా తక్కువ. గాయపడినవాళ్లను ఆసుపత్రికి చేర్చే ఏర్పాటు చేయాలని చెబుతూనే ఆ సెక్షన్ ఒక మినహాయింపు ఇస్తుంది. జనాగ్రహం వల్ల గానీ, తన చేతిలో లేని మరో కారణం వల్ల గానీ అది సాధ్యం కాకపోతే తప్ప, అంటుంది. ఆ తర్వాత, అక్కడ పోలీసు లేకపోతే దగ్గరి స్టేషన్‌కి వెళ్లి జరిగింది చెప్పాలి, సాయం ఎందుకు చేయలేకపోయాడో కూడా చెప్పాలి. వీలైనంత త్వరగా, ఎట్టి పరిస్థితిలోనూ 24 గంటల లోపు. కర్రలు పట్టుకుని ఊరు ఊరంతా రోడ్డెక్కితే అక్కడే నిలబడి దెబ్బలు తినమని చట్టం అడగడం లేదు. ప్రాణం కాపాడుకో, కానీ వచ్చి చెప్పు అంటోంది.

ఒక డీసీఎం వ్యాను డ్రైవర్ కేసు చెబుతాను. రాత్రిపూట సర్వీసు రోడ్డు నుంచి వచ్చిన బైకు అతని బండికి తగిలింది. జనం అద్దాలు పగలగొడుతుంటే బండి ముందుకు తీసి, కొంత దూరం పోయాక 108కి ఫోన్ చేసి, నేరుగా స్టేషన్ ఆవరణలో బండి పెట్టాడు. ఛార్జిషీటులో మాత్రం "వాహనంతో సహా పరారయ్యాడు" అని ఉంది. మా దగ్గర ఉన్నవల్లా అతని ఫోన్ కాల్ లిస్టు, 108 కాల్ రికార్డు, స్టేషన్ జీడీ (రోజువారీ డైరీ) ఎంట్రీ, ముందు అద్దం బయటి నుంచి పగిలిందన్న ఎంవీఐ (మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్) రిపోర్టు. 134 ఆరోపణ కొట్టేయడానికి అవి చాలాయి. నిర్లక్ష్యం కేసు మీద వాదన విడిగా నడిచింది.

కాబట్టి ఇంకా 24 గంటలు దాటకపోతే చేయాల్సిన పని ఒకటే. ఒక తెల్ల కాగితం మీద తేదీ, సమయం, చోటు, బండి నంబరు, లైసెన్సు నంబరు, ఇన్సూరెన్సు పాలసీ నంబరు, ఎందుకు ఆగలేకపోయారు, 108కి గానీ 112కి గానీ ఎప్పుడు ఫోన్ చేశారు అన్నవి రాసి స్టేషన్‌లో ఇవ్వండి. లాయర్ని వెంట తీసుకెళ్తే మంచిది. "స్పీడులో ఉన్నాను", "కునుకు పట్టింది", "తప్పు నాదే" లాంటివి అందులో అవసరం లేదు. పోలీసుకిచ్చిన నేరాంగీకారం కోర్టులో సాక్ష్యంగా చెల్లకపోయినా ఆ కాగితం నష్టపరిహారం కేసులో తిరిగి మీ ముందుకు వస్తుంది. అలాగని అబద్ధమూ రాయొద్దు. టోల్ గేటు రికార్డు, సెల్ టవర్ రికార్డు తర్వాత వస్తాయి, వాటితో పొసగని ఒక్క మాట మిగతా కాగితాన్ని కూడా పనికిరాకుండా చేస్తుంది. ముద్ర వేసిన కాపీ అడగండి. స్టేషన్‌లో రాతపని చూసే రైటర్ తీసుకోనంటే అదే రోజు ఎస్పీ ఆఫీసుకు స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి, ఎస్‌ఐ అధికారిక నంబరుకు వాట్సాప్‌లో కూడా పెట్టండి. ఇన్సూరెన్సు కంపెనీకి రాతపూర్వకంగా తెలపడం కూడా అదే 134లో ఉన్న బాధ్యత. దాన్ని ఓనర్ చూసుకుంటాడులే అని వదిలేయకండి.

గడువు దాటిపోయినా వెళ్లండి. ఆలస్యంగా వచ్చినవాడికీ పట్టుబడినవాడికీ మధ్య తేడా బెయిల్ దగ్గరా, శిక్ష దగ్గరా కనిపిస్తుంది.

రెండు పనులు మాత్రం ఎవరు చెప్పినా చేయొద్దు. ఒకటి, బంపర్ మార్పించి రంగు వేయించడం. అది సాక్ష్యం మాయం చేయడం కింద బీఎన్‌ఎస్ 238కి వెళ్తుంది, బెయిలబుల్ కేసుకి మీరే బరువు పెంచుకున్నట్టు. పైగా గీత ఎక్కడ పడింది, ఎంత ఎత్తులో పడిందన్నది చాలాసార్లు డ్రైవర్ పక్షానే మాట్లాడుతుంది. వెనక చక్రం దగ్గర గీత ఉంటే బైకే వచ్చి తగిలిందని వాదించుకోవచ్చు. రంగు వేశాక ఆ వాదన పోతుంది. రెండోది, కొడుకు నడిపితే డ్రైవర్ని లొంగిపొమ్మని పంపడం. పెద్దమనుషుల పంచాయితీలో ఇది చాలా తేలిగ్గా వచ్చే సలహా. సీసీ కెమెరాలో సీటు మీద ఎవరున్నారో తేలితే ఇద్దరూ ముద్దాయిలవుతారు. ఇలా అడిగి వచ్చినవాళ్ల వకాల్తా నేను తీసుకోను.

ఇక నిజంగా కోర్టులో నిలబడే వాదనలు. "అసలు తెలియదు" అన్నది మొదటిది. లోడుతో ఉన్న పద్నాలుగు టైర్ల లారీకి వెనక ఎక్కడో బైకు హ్యాండిల్ తగిలితే క్యాబిన్‌లో తెలియకపోవడం సాధ్యమే. కానీ నోటిమాట నిలవదు, తర్వాతి ప్రవర్తన చూపించాలి. ఎప్పుడూ వెళ్లే దారిలోనే వెళ్లాడా, మామూలుగా అన్‌లోడ్ చేశాడా, ఫోన్ ఆన్‌లోనే ఉందా? మా హైవే మీది కొర్లపహాడ్ టోల్ దాటిన సమయం, చిల్లకల్లు టోల్ దాటిన సమయం ఫాస్టాగ్ స్టేట్‌మెంట్‌లో ఉంటాయి. ఆ రెండింటి మధ్య పట్టిన సమయం సగటు వేగాన్ని కూడా చెప్పేస్తుందని గుర్తుంచుకోండి. తీసి చూసి, లెక్క వేసుకున్నాకే కోర్టులో పెట్టాలి. చాలా డీవీఆర్‌లు కొన్ని రోజులకే పాతదాని మీద కొత్తది ఎక్కించేస్తాయి కాబట్టి దాబా, బంకు, టోల్ ఫుటేజీ కావాలంటే వెంటనే లిఖితపూర్వకంగా అడగండి. ఇవ్వకపోతే బీఎన్‌ఎస్‌ఎస్ 94 కింద కోర్టులో పిటిషన్ వేయొచ్చు. ఫుటేజీతో పాటు భారతీయ సాక్ష్య అధినియమ్ 63 కింద సర్టిఫికెట్ లేకపోతే అది ఫైల్లో ఉన్నా లేనట్టే. అటువైపు వాళ్లు పెట్టే వీడియోకీ ఇదే పరీక్ష.

"నడిపింది నేను కాదు" అన్నది రెండోది. ఇలాంటి కేసుల్లో ఎఫ్‌ఐఆర్ చాలాసార్లు "గుర్తు తెలియని వాహనం" అనే మొదలవుతుంది. కొన్నాళ్లకు నంబరు వస్తుంది, మోటారు వాహనాల చట్టం 133 కింద ఓనర్‌కి నోటీసు వెళ్తుంది, ఓనర్ ఒక పేరు రాసిస్తాడు. కేసు మొత్తం ఆ ఒక్క ఉత్తరం మీద నిలబడి ఉంటుంది. ఓనర్ బోనెక్కి సాక్ష్యం చెప్పాడా, ట్రిప్ షీటు ఉందా, ఆ రోజు ఇంకెవరైనా డ్యూటీలో ఉన్నారా? క్రాస్ ఎగ్జామినేషన్‌లో ఇవి అడగాలి. మొదటి వాంగ్మూలంలో నంబరు చెప్పని సాక్షి రెండోదాన్లో ముఖం కూడా గుర్తుపడితే, ఐడెంటిఫికేషన్ పరేడ్ (నలుగురి మధ్య నిలబెట్టి గుర్తుపట్టించడం) ఎందుకు పెట్టలేదని అడగాలి. ఒక మాట చెప్పాలి ఇక్కడ. ఓనర్ పెట్టిన లాయర్ ఓనర్ లాయరే. ఇన్సూరెన్సు లాయర్ కంపెనీ లాయరే. మీ ప్రయోజనం వాళ్లతో కలిసినంత దూరం బాగానే ఉంటుంది, లైసెన్సు గడువు తీరిందన్న ప్రశ్న రాగానే విడిపోతుంది. మీకంటూ ఒకరు ఉండాలి. ఖర్చు భరించలేకపోతే జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉంది, 15100కి ఫోన్ చేసి అర్హత అడగండి.

మూడోది నిర్లక్ష్యం లేదన్న వాదన. పారిపోయాడు కాబట్టి తప్పు అతనిదే అని ఏపీపీ (ప్రభుత్వం తరఫు లాయర్) గట్టిగా అంటారు. పారిపోవడానికి భయం కూడా కారణం కావచ్చు, నిర్లక్ష్యాన్ని ప్రాసిక్యూషనే విడిగా రుజువు చేయాలి. "అతి వేగంగా వచ్చాడు" అన్న సాక్షి మాట ఒక్కటే చాలదని కర్ణాటక ప్రభుత్వం వర్సెస్ సతీశ్ కేసులో సుప్రీంకోర్టు 1998లోనే చెప్పింది. పోలీసులు గీసిన స్పాట్ రఫ్ స్కెచ్ తీసి చూడండి. బండి ఏ వైపు ఉంది, బ్రేకు గీతలు ఎక్కడున్నాయి, డివైడర్ గ్యాపు ఎంత దూరం? చాలా స్కెచ్‌లలో ఇవి ఉండవు. లేకపోవడం కూడా మీకు పనికొస్తుంది.

సాక్షులంతా అయ్యాక జడ్జి మిమ్మల్ని ప్రశ్నిస్తారు, పాత సీఆర్‌పీసీ లెక్కలో 313, ఇప్పుడు బీఎన్‌ఎస్‌ఎస్ 351. అక్కడ అన్నిటికీ "అబద్ధం" అని ఊరుకుంటే జనం వెంటబడిన సంగతి రికార్డులోకే రాదు. వివరంగా చెప్పండి, జీడీ కాపీ డిఫెన్స్ పత్రంగా మార్కు చేయించండి. గాయాల కేసు అయితే బాధితుల సమ్మతితో లోక్ అదాలత్‌లో రాజీకి అవకాశం ఉంది. చావు కేసుకి లేదు. కుటుంబానికి డబ్బు ఇవ్వాలనిపిస్తే ఇవ్వండి, అది మంచి పనే. కానీ కేసు కొట్టేస్తామన్న హామీ మీద, తప్పు ఒప్పుకుంటున్నట్టు రాసిన కాగితం మీద సంతకం పెట్టి ఇవ్వకండి. జరిమానాతో పోతుందని చెప్పి 187లో నేరం ఒప్పుకోమంటారు కొందరు. ప్రభుత్వ ఉద్యోగం, హెవీ లైసెన్సు, వీసా ఏదైనా దృష్టిలో ఉంటే ఆ రోజు సంతకం పెట్టకుండా వాయిదా అడగండి. 187 ఒక్కటే మిగిలిన కేసులో ఛార్జిషీటు ఏడాది దాటి వేశారేమో కూడా చూడండి. ఆ శిక్ష ఉన్న నేరాన్ని కోర్టు విచారణకు తీసుకోవడానికి గడువు ఏడాదే.

బండి స్టేషన్‌లో తుప్పు పట్టాల్సిన పని లేదు. ఎంవీఐ చూశాక ఓనర్ బీఎన్‌ఎస్‌ఎస్ 503 కింద మధ్యంతర కస్టడీ అడగొచ్చు. స్వాధీనం చేసుకున్న వాహనాలను స్టేషన్లలో ఏళ్ల తరబడి ఉంచొద్దని సుందర్‌భాయ్ అంబాలాల్ దేశాయ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన మాట పిటిషన్‌లో రాయించండి.

లాయర్ దగ్గరికి మొదటిసారి వెళ్లేటప్పుడు ఎఫ్‌ఐఆర్ కాపీ (పోలీసు వెబ్‌సైట్లో దొరుకుతుంది), హాజరు కమ్మని పోలీసులిచ్చే బీఎన్‌ఎస్‌ఎస్ 35(3) నోటీసు వచ్చి ఉంటే అది (స్టేషన్‌లో ఇంకా 41ఏ అనే అంటారు), ఆర్సీ, లైసెన్సు, పాలసీ, ఆ రోజు ట్రిప్ షీటు, ఫాస్టాగ్ స్టేట్‌మెంట్, బండి నాలుగు వైపులా తీసిన ఫొటోలు తీసుకెళ్లండి. ఫోన్ ఉన్నది ఉన్నట్టు తీసుకెళ్లండి. రీసెట్ చేయొద్దు, కాల్ లిస్టు చెరపొద్దు.