ఇంటర్నెట్‌లో కలిసి వాయించే ముందు జాగ్రత్తలు

హైదరాబాద్‌లో గాత్రం, విజయవాడలో మృదంగం అనుకుందాం. మొదలుపెట్టే ముందు ఇవి చూసుకోండి.

- వైఫై వద్దు. రౌటర్ నుంచి కంప్యూటర్‌కి లాన్ కేబుల్ పెట్టండి.
- బ్లూటూత్ హెడ్‌ఫోన్స్ అసలే వద్దు, వాటి ఆలస్యానికే తాళం తప్పుతుంది. వైరున్నవి వాడండి.
- అన్నిటికంటే ముఖ్యం ఆలస్యం. ఒకరి శబ్దం మరొకరికి చేరడానికి 25–30 మిల్లీసెకన్లు దాటితే, ఒకరి కోసం ఒకరు ఆగుతూ కాలప్రమాణం (పాట నడిచే వేగం) జారిపోతుంది. అందుకే ఆలస్యం తక్కువగా ఉండేలా చేసిన జామ్యులస్, సోనోబస్ లాంటి యాప్‌లు వాడండి. జామ్యులస్ అయితే సర్వర్ కూడా దగ్గర్లోదే ఎంచుకోండి. అమెరికాలో డల్లాస్‌లోని వయొలిన్‌తో మాత్రం, దూరం వల్ల, నెట్ ఎంత బాగున్నా ఇది కుదరదు. ఒకరు రికార్డు చేసి పంపితే, దాని మీద మరొకరు వాయించడమే మేలు.
- జూమ్‌లో పాఠమైతే ‘ఒరిజినల్ సౌండ్’ ఆన్ చేయండి. లేకపోతే తంబూర నాదాన్ని కూడా రొద అనుకుని తీసేస్తుంది.
- శ్రుతి ఎంతో ముందే చెప్పుకోండి.