పక్షి ఎగిరే తీరును దాని ఒంటి నిర్మాణంలో పోల్చుకోవడం ఎలా?

రెక్కలుంటే చాలు ఎగరవచ్చని అనుకుంటాం గాని, ఎగరడానికి కావలసిన బలమంతా రొమ్ములోనే ఉంటుంది. కనుక ఈ పరిశీలనను వంటింట్లోనే మొదలుపెట్టండి.

కోడికూర వండే రోజున చికెన్ కొట్టులో రొమ్ము భాగాన్ని ముక్కలు కొట్టకుండా, ఎముకతో సహా ఇమ్మని అడగండి. నడుమ పడవ అడుగులా నిలువుగా పొడుచుకొచ్చిన ఎముక పలక, దానికి ఇరువైపులా పెద్ద కండ కనబడతాయి. రెక్కను కిందికి కొట్టేది ఆ పెద్ద కండే. దానిని వేలితో మెల్లగా విడదీస్తే, అడుగున ఎముకను ఆనుకుని సన్నని కండ మరొకటి బయటపడుతుంది. రెక్కను పైకెత్తేది ఇది. కింద ఉన్న కండ పైకెలా లాగుతుందంటే, దాని కొసన ఉన్న నరంలాంటి తాడు భుజం దగ్గర మూడు ఎముకల సందులోంచి పైకి వెళ్లి, గిలక మీది చేదతాడులా మలుపు తిరిగి, రెక్క ఎముక పైభాగాన్ని పట్టుకుంటుంది. పక్షి ఒంట్లో ఇంతకంటే ముచ్చటైన అమరిక నాకు మరొకటి కనబడలేదు. కోడి రొమ్ము మాంసం పాలిపోయినట్టు ఉండటమూ గమనించండి: అది క్షణకాలపు విసురుకు పనికొచ్చే కండ, అందుకే కోడి గోడెక్కి ఆగిపోతుంది. చాలాసేపు ఎగరగలిగే పావురం రొమ్ము ముదురెరుపు.

తరువాత, మేడ మీద రాలిన పావురం రెక్క ఈకను తీసుకోండి. కాడకు ఒక పక్క సన్నగా, మరో పక్క వెడల్పుగా ఉంటుంది. సన్నని అంచే గాలికి ఎదురు నిలుస్తుంది. ఈకను ఒకచోట చీల్చి, మొదలు నుంచి కొసకు వేళ్లతో నిమిరితే, కంటికి ఆనని కొక్కేలు మళ్లీ పెనవేసుకుని చీలిక మూసుకుపోతుంది. ఆపైన చేతులు సబ్బుతో కడుక్కోండి.

ఇక గుంటూరు దగ్గరి ఉప్పలపాడు చెరువుకు ఉదయమే వెళ్లండి. నీటి మీది నుంచి లేచే గూడబాతు (పెలికాన్) రెండు కాళ్లతో నీళ్లను తన్నుతూ, బరువుగా రెక్కలు కొడుతూ ఎంత శ్రమపడుతుందో చూడండి. పొద్దెక్కి నేల వేడెక్కాక అదే పక్షి, పైకి లేచే వేడిగాలిలో వెడల్పైన రెక్కలు చాపి, వాటిని ఆడించకుండానే చుట్లు తిరుగుతూ ఎక్కుతుంది. బైనాక్యులర్‌తో చూస్తే రెక్కల కొసన ఈకలు వేళ్లలా విడివడి ఉంటాయి. ఆ సందులు కొసల దగ్గర సుడి తిరిగే గాలి ఈడ్పును తగ్గిస్తాయి. గూడబాతు మెడను వెనక్కి మడుచుకుంటుంది, పెయింటెడ్ స్టార్క్ కొంగ ముందుకు చాచి ఎగురుతుంది. గూళ్లు పెట్టే కాలంలో గట్టు దిగి దగ్గరకు వెళ్లకండి.

తిరుగుదారిలో తాటిచెట్ల చుట్టూ రివ్వున తిరిగే చిన్న స్విఫ్ట్ పిట్టల కొడవలి రెక్కలను గూడబాతు రెక్కల పక్కన కాగితం మీద గీసి, ఏది వేగానికో ఏది తేలడానికో రాసుకోండి.