ఇంటి పిట్టల భాష – 4వ పాఠం: అర్ధరాత్రి బెదురు, దెయ్యం అనుమానం

పోయిన పాఠంలో పగటి అరుపుల్ని విడదీసి గుర్తుపట్టడం చూశాం. ఈసారి రాత్రి సంగతి. లైట్లు తీసేసిన రెండు మూడు గంటలకి పంజరంలో ఒక్కసారిగా రెక్కల టపటప, కర్ర మీంచి కింద పడిన చప్పుడు, గింజల గిన్నె బోర్లా. లేచి లైటు వేస్తే గదిలో ఎవరూ ఉండరు. పిట్ట మాత్రం ఓ మూల నక్కి, నోరు తెరిచి రొప్పుతూ, తల వంచి పైకప్పు కేసి చూస్తుంటుంది. ఇంట్లో పెద్దవాళ్ళు "దానికేదో కనపడింది" అంటారు.

ఆ మాట పూర్తిగా తప్పు కాదు. దానికి ఏదో కనపడే ఉంటుంది, లేదా వినపడి ఉంటుంది, కాళ్ళకి తెలిసి ఉంటుంది. ఆ "ఏదో" ఏమిటో పట్టుకోవడమే ఈ పాఠం. కాకి ముట్టందే పిండం అందలేదనుకునే మనకి, దసరానాడు పాలపిట్టని చూడాలని ఊరిచివరికి వెళ్ళే మనకి, పిట్టకి మనకంటే ఎక్కువ తెలుసన్న అనుమానం రావడం సహజమే. దాన్ని కొట్టిపారేయక్కర్లేదు. పరీక్షకి పెడితే చాలు.

ఇక్కడ చెప్పేది బడ్జీలకి (మన బజార్లలో లవ్ బర్డ్స్ అని అమ్మేవి ఎక్కువగా ఇవే), తల మీద కుచ్చుండే చిన్న చిలుక జాతి కాక్‌టీల్‌లకి. రాత్రి బెదురు కాక్‌టీల్‌లలో మరీ ఎక్కువ. రామచిలుక ఊసు ఎత్తడం లేదు. దాన్ని పంజరంలో పెట్టడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం.

ముందు పిట్ట, తర్వాత కారణం

బెదిరిన పిట్టకి దెబ్బ తగిలేది బెదురు వల్ల కాదు, చీకట్లో ఊచలకి కొట్టుకోవడం వల్ల. కాబట్టి మొదటి పని వెలుగు. ట్యూబ్‌లైటు టక్కున వేయకండి. ఫోను టార్చిని గోడకేసి తిప్పి పెట్టండి. అది రోజూ వినే గొంతుతో, రోజూ అనే మాటే మెల్లగా అనండి. చెయ్యి లోపల పెట్టొద్దు. అయిదు పది నిమిషాల్లో అదే కర్ర ఎక్కుతుంది.

ఎక్కాక రెక్కల అంచుల్ని, పంజరం అడుగున పరిచిన కాగితాన్ని చూడండి. కొత్తగా మొలుస్తున్న ఈక కాడలో రక్తం ఉంటుంది. అది విరిగితే బొట్లుబొట్లుగా కారుతుంది. ఇక్కడ లెక్క తెలిసి ఉండాలి. పిట్ట ఒంట్లో రక్తం దాని బరువులో పదోవంతు. 35 గ్రాముల బడ్జీలో ఉండేది మూడున్నర మిల్లీలీటర్లే. అందులో పదోవంతు, అంటే ఏడు బొట్ల దాకా పోయినా ఆరోగ్యంగా ఉన్న పిట్ట తట్టుకుంటుంది. 90 గ్రాముల కాక్‌టీల్ అయితే పద్దెనిమిది బొట్లు. కారుతున్న చోట మెత్తటి మొక్కజొన్న పిండి (కార్న్ ఫ్లోర్) అద్ది, మెత్తని గుడ్డతో రెండు మూడు నిమిషాలు నొక్కి పట్టుకోండి. పట్టుకునేటప్పుడు ఛాతీ మీద బరువు పడకూడదు. ఛాతీ కదలకపోతే పిట్టకి ఊపిరి ఆడదు. రక్తం ఆగకపోతే తెల్లారేదాకా చూడకండి, పశువైద్యుడికి చూపించాల్సిందే.

దానికి తెలిసేది, మనకి తెలియనిది

పిట్ట "శూన్యంలోకి" చూస్తోందని అనుకోవడంలోనే మొదటి పొరపాటు ఉంది. మన కళ్ళు ముందుకి ఉంటాయి, దాని కళ్ళు పక్కలకి. ఒక వస్తువుని శ్రద్ధగా చూడాలంటే అది తల వంచి ఒక్క కన్ను దానికేసి తిప్పుతుంది. కాబట్టి ముక్కు ఎటు ఉందో చూసి వెతికితే ఖాళీ గోడే కనిపిస్తుంది. మీ తలని పంజరం ఎత్తుకి దించి, పైకి తిరిగి ఉన్న కంటి నుంచి ఒక గీత ఊహించుకోండి. ఎక్కువసార్లు ఆ గీత చివర బల్లి, ఫ్యాను రెక్క, లేదా కిటికీ అద్దం ఉంటుంది. రాత్రి లోపల లైటు, బయట చీకటి ఉంటే కిటికీ అద్దమే దర్పణం అవుతుంది. పిట్టకి అందులో ఇంకో పిట్ట కదులుతుంది.

దానికి తెలిసేవాటిలో రెండోది వెలుగు మిణుకు. మన కరెంటు సెకనుకి 50 ఆవృత్తులు, కాబట్టి పాత చోకు ట్యూబ్‌లైటు సెకనుకి 100 సార్లు వెలిగి ఆరుతుంది. మనకి 50, 60 దగ్గరే మిణుకు కలిసిపోయి నిలకడ వెలుగులా ఉంటుంది. బడ్జీ సుమారు 75 దాకా విడివిడిగా చూస్తుంది. అంటే మంచి ట్యూబు దానికీ నిలకడే. కానీ అరిగిపోయి ఓ చివర నల్లబడిన ట్యూబులో మిణుకు 50కి దిగుతుంది. మీకు "కొంచెం డల్‌గా ఉంది" అనిపించే గది దానికి దడదడా కొట్టుకుంటుంటుంది. ట్యూబు మారిస్తే "దెయ్యం గది" బాగుపడటం ఇలాగే.

మూడోది కాళ్ళు. పిట్టల కాళ్ళ ఎముకల పక్కన, చర్మం కింద హెర్బ్‌స్ట్ కణికలనే సన్నని అమరికలు ఉంటాయి. ఇవి అదురుని పసిగడతాయి. కొమ్మ మీదికి పాకే పిల్లిని నిద్రలోనే పట్టుకునే ఏర్పాటిది. మన ఇళ్ళలో అది పసిగట్టేది వేరే: నీళ్ళ మోటారు, కరెంటు పోయినప్పుడు ఇన్వర్టరు ఎత్తుకునే జుమ్మనే మోత, పంజరం ఉన్న బల్లమీదే వైబ్రేషన్‌లో పెట్టిన ఫోను.

చెవి విషయంలో మాత్రం చాలామంది అతిగా ఊహిస్తారు. బడ్జీకి బాగా వినపడేది 2 నుంచి 4 కిలోహెర్ట్జ్ మధ్య; ఎనిమిదిన్నర దాటితే దాదాపు వినపడదు. మనకి 20 దాకా వినపడుతుంది. "మనకి వినపడని సన్నని శబ్దం దానికి వినపడింది" అనే వివరణ బడ్జీ దగ్గర చెల్లదు. అది కుక్కకి చెల్లుతుంది.

ఇంకొకటి: పక్షులు మెదడులో సగం మేలుకుని, ఒక కన్ను తెరిచి నిద్రపోగలవు. అమెరికాలో బాతుల మీద 1999లో వచ్చిన పరిశోధన దీన్ని చక్కగా చూపింది. వరస చివర పడుకున్న బాతులు ఎక్కువసేపు బయటివైపు కన్నే తెరిచి ఉంచాయి. అందుకని రాత్రంతా ఒక కన్ను తెరుచుకున్న పిట్టని చూసి కంగారు పడకండి. అది కాపలా కాస్తోంది, అంతే.

వెతికే పద్ధతి

నోటుబుక్కులో మూడో పాఠంలో గీసిన పట్టికకే నాలుగు గళ్ళు కలపండి: బెదిరిన సమయం (నిమిషంతో సహా), కరెంటు పోయిందా వచ్చిందా, వీధిలో ఏముంది (బండి లైటు, కుక్కలు, పిల్లి), ఇంట్లో ఏం నడుస్తోంది. పద్నాలుగు రాత్రులు రాయాలి. బెదరని రాత్రులు కూడా రాయాలి. అందరూ తప్పేది ఇక్కడే: అమావాస్యనాడు బెదిరితే గుర్తుంటుంది, బెదరని అమావాస్య గుర్తుండదు.

సమయాలు ఒకేచోట గుమిగూడితే అది యంత్రమో మనిషో: పాలవ్యాను, మోటారు టైమరు, రెండో ఆట వదిలాక వచ్చే బండ్లు. చెల్లాచెదురుగా ఉంటే పురుగూ పుట్రా. అదురుని అనుమానిస్తే వెడల్పాటి స్టీలు పళ్ళెంలో వేలెడు లోతు నీళ్ళు పోసి పంజరం పక్కన పెట్టి, టార్చి వాలుగా కొట్టండి. మీ కాళ్ళకి తెలియని అదురు నీటి మీద వలయాలుగా కనపడుతుంది. పురుగుని అనుమానిస్తే పంజరం మీద తెల్లటి గుడ్డ కప్పి, తెల్లవారుజామునే మడతలు తీసి చూడండి. ఆవగింజకంటే చిన్న ఎర్రటి చుక్కలు కదులుతుంటే అవి రాత్రిపూట వచ్చి రక్తం పీల్చే పురుగులు. చీమల బారు ఉంటే పంజరం గొలుసు వెంబడి వెతకండి.

కారణం దొరికేలోపు చిన్న జీరో బల్బు ఒకటి, పంజరానికి ఆరడుగుల దూరంలో, పిట్ట వెనకవైపు వెలగనివ్వండి. పంజరాన్ని మూడు వైపులే కప్పండి. నాలుగు వైపులా కప్పితే చప్పుడు వినపడుతుంది, చేసిందెవరో కనపడదు. బెదురు ఇంకా పెరుగుతుంది.

అరవని పిట్ట

ఇంట్లో దెయ్యం ఉందనుకుని చేసే పనుల్లో పిట్ట ప్రాణం తీసేవి ఉన్నాయి. సాంబ్రాణి పొగ ఇల్లంతా పట్టించడం, దిష్టి తీసిన ఎండుమిరపకాయలు నిప్పుల్లో వేయడం. పిట్ట ఊపిరితిత్తుల్లో గాలి ఒకే దిశలో సాగుతుంది, గాలి తిత్తులు ఒళ్ళంతా పరుచుకుని ఉంటాయి. మనకి దగ్గు తెప్పించే పొగ దానికి విషం. ఖాళీ నాన్‌స్టిక్ పెనం పొయ్యి మీద మాడితే వచ్చే, కంటికి కనపడని ఆవిరి నిమిషాల్లో చంపేస్తుంది.

బ్రిటన్ బొగ్గు గనుల్లో కెనరీలనే చిన్న పిట్టలని మోసుకెళ్ళింది ఈ బలహీనత కోసమే. జాన్ స్కాట్ హాల్డేన్ అనే శాస్త్రజ్ఞుడు 1890లలో సూచించిన పద్ధతి అది. 1986లో ఎలక్ట్రానిక్ యంత్రాలు వచ్చి వాటిని తప్పించేదాకా నడిచింది. గనుల్లో ఆ పిట్టలతో కనిపెట్టిన విషవాయువు కార్బన్ మోనాక్సైడ్‌కి రంగు లేదు, వాసన లేదు. అది మనిషి మెదడుని కూడా ఆడిస్తుంది. 1921లో విల్మర్ అనే అమెరికన్ కంటి వైద్యుడు ఒక కుటుంబం కథ వైద్య పత్రికలో వేశాడు: ఇంట్లో అడుగుల చప్పుళ్ళు, మనుషుల ఆకారాలు, తలనొప్పులు. తీరా చూస్తే ఇల్లు వెచ్చబరిచే కొలిమి పాడై పొగ లోపలికే వస్తోంది.

అందుకని ఇంట్లోవాళ్ళకి తలనొప్పి, వికారం, "ఎవరో ఉన్నట్టు" అనిపించడం, అదే రోజుల్లో పిట్ట ఉబ్బిపోయి, తోక పైకీ కిందికీ ఊపుతూ ఊపిరి తీయడం కలిసి కనపడితే, నోటుబుక్కు పక్కన పడేయండి. కిటికీలు తెరిచి, అందరూ పిట్టతో సహా బయటికి రండి. గాలి ఆడని బాత్రూములో గ్యాస్ గీజరు, తలుపులు మూసిన గదిలో బొగ్గుల కుంపటి, కిటికీ పక్కనే జనరేటరు – చూడాల్సినవి ఇవి. బెదిరిన పిట్ట గోల చేస్తుంది. గ్యాస్ పట్టిన పిట్ట నోరు మెదపదు.

రెండు గదుల పరీక్ష

"తాతగారు పోయిన గదిలో పెడితేనే అలా చేస్తుంది" అంటే దానికీ పద్ధతి ఉంది. రెండు గదుల్లోనూ ఒకే రకం బల్బు పెట్టి, పంజరం వెనకా పక్కలా ఒకే దుప్పటి కట్టండి. రోజూ సాయంత్రం రూపాయి బిళ్ళ ఎగరేసి గది నిర్ణయించి, ఇరవై నిమిషాలు వీడియో తీయండి. చోటు మారితేనే పిట్ట కంగారు పడుతుంది కాబట్టి మొదటి మూడు రోజులు లెక్కలో వేయొద్దు. తర్వాతి పది వీడియోల్ని, శబ్దం తీసేసి, ఏది ఏ గదో తెలియని మనిషికి చూపించి ఊహించమనండి. ఎనిమిదో అంతకంటే ఎక్కువో సరిగ్గా చెప్పడం ఉత్త అదృష్టంతోనే నూటికి అయిదారుసార్లు జరుగుతుంది. తొమ్మిదో పదో అయితే నూటికి ఒక్కసారి. అప్పుడు ఆ గదుల మధ్య నిజంగానే తేడా ఉన్నట్టే. ఏమిటన్నది ఇంకా తేలలేదు. నిలువుటద్దం, ఫ్యాను, తాతగారి పటం మీది గాజు ఒక్కొక్కటే రెండో గదికి మార్చి మళ్ళీ మొదలుపెట్టండి. పటం గాజులో ట్యూబ్‌లైటు మెరుపు పడటం చాలా మామూలు.

ఈ పాఠానికి అభ్యాసం: పద్నాలుగు రాత్రుల పట్టిక, కంటి గీత గీసిన మూడు బొమ్మలు, పళ్ళెం పరీక్ష మోటారు నడుస్తున్నప్పుడు ఒకసారి, ఆపినప్పుడు ఒకసారి.

వచ్చే పాఠం ఈకలు రాల్చే కాలం మీద. దానికి ఒక్క గ్రాము తేడా చూపే వంటింటి తూకం సిద్ధం చేసుకోండి. అయిదు గ్రాముల మెట్లలో చూపే తూకం 35 గ్రాముల పిట్టకి పనికిరాదు.